పలికిందా?

విరిగిన చక్రాన్ని ఎవరూ జరపలేదు.

నిన్న సాయంత్రం కారు యజమాని మనుషులు తెచ్చి ముందుగదిలో పడేసి పోయినప్పుడు ఎలా ఉందో, తెల్లవారాక కూడా అలాగే ఉంది. పెద్ద ముక్క బోర్లా పడి ఉంది. చిన్న ముక్క దానికి కొంచెం ఎడంగా, అలిగి మొహం తిప్పుకున్న మనిషిలా ఉంది. ఇంట్లో ఉన్న నలుగురూ దాన్ని తప్పించుకుని గోడల వెంబడి నడుస్తున్నారు.

వదిన టీ కప్పుల పళ్ళెంతో వంటగది గుమ్మంలో ఆగిపోయింది. ఆమెను వదినా అని పిలిచేది మరిది ఒక్కడే కాదు. కింద దుకాణానికి చక్రాలు తెచ్చే డ్రైవర్లూ, ఎదురింటి దర్జీ, పాలు పోసే ముసలాయన కూడా అలాగే పిలుస్తారు. ఇంతమందికి వదినై, ఇన్ని తగవులు నవ్వుతూ తీర్చిన మనిషికి, ఈ పూట సొంత ఇంట్లో ఏ కప్పు ముందు ఎవరి చేతికివ్వాలో తోచలేదు.

భర్త కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు, వీధివైపు మొహం పెట్టి. మరిది దుకాణంలోకి దిగే మెట్ల మీద కూర్చున్నాడు, గదివైపు వీపు పెట్టి. అన్నదమ్ముల మధ్య చక్రం ఉంది.

లేచింది మొదలు ఆ ఇద్దరి నడుమ నడిచిన మాట ఒక్కటే.

"నేనడిగాను అన్నయ్యా."

"నువ్వడగలేదురా."

"అడిగాను. నువ్వు తలూపావు."

"పలకని చక్రానికి నేను తలూపుతానా?"

అక్కడికి వచ్చేసరికి మాట తెగిపోయేది. మళ్ళీ మెట్ల మీద నుంచి, ఈసారి ఇంకాస్త నీరసంగా, "నేనడిగాను అన్నయ్యా" అని వినపడేది. కిటికీ దగ్గరి మనిషి ఒక్కోసారి జవాబిచ్చేవాడు, ఒక్కోసారి ఇచ్చేవాడు కాదు. ఎప్పుడు ఇచ్చాడో, ఎప్పుడు ఇవ్వలేదో వదిన గమనించింది. ఇద్దరి మొహాలూ గదివైపు తిరిగి ఉన్నప్పుడే ఇచ్చాడు.



కింది దుకాణంలో ప్రతి చక్రమూ దాటాల్సిన గడప ఒకటి ఉంది. గుంతలో పడి అంచు సొట్టపోయిన చక్రాలూ, కాలిబాట రాయికి ఒరుసుకుని తోలు లేచిన చక్రాలూ, పెద్ద పెద్ద కార్లవన్నీ అక్కడికే వస్తాయి. సొట్టను కాచి, అదిమి, మళ్ళీ గుండ్రానికి తేవడం మేస్త్రి పని. ఊళ్ళో అందరికీ ఆమె భర్త మేస్త్రే. నునుపు చేసి పూత వేయడం మరిది పని. ఈ చేతి నుంచి ఆ చేతికి పోయే ముందు చక్రాన్ని కొక్కేనికి వేలాడదీసి, మేస్త్రి చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు. లోహం నిండుగా ఉంటే గంటలా మోగుతుంది. ఆ మోత సన్నబడుతూ, సన్నబడుతూ చాలాసేపు గాలిలో నిలుస్తుంది. లోపల వెంట్రుకంత పగులున్నా చాలు, మోత పుట్టీ పుట్టకముందే చచ్చిపోతుంది.

మోగితే పలికింది అంటారు. మోగకపోతే మూగ. పలికింది పూతకు పోతుంది. మూగది గోడవారనున్న గుట్టలోకి పోతుంది. ఆ తర్వాత యజమాని ఎంతటివాడైనా సరే, కొత్తది తెప్పించుకోవలసిందే. మూగ చక్రానికి ఆ దుకాణంలో రంగు అంటదు.

పలికిందా అని తమ్ముడు అడగాలి, పలికింది అని అన్న అనాలి. వాళ్ళ నాన్న ఉన్న రోజుల నుంచీ అదే పద్ధతి. అడగకుండా పూత వేయడమంటే ఆ ఇంట్లో ఊపిరి చూడకుండానే నిద్రపోతున్నవాడి మొహం మీద దుప్పటి కప్పేసి చచ్చిపోయాడని చెప్పడంలాంటిది.

నేల మీద పడున్న చక్రం మూగది. నడిమధ్య నుంచి అంచుకు సాగే ఆకు మొదట్లో, లోపలివైపు, పాత పగులొకటి నల్లగా ఉంది. దాని మీద మరిది వేసిన వెండిరంగు చెక్కు చెదరలేదు.

పెద్దాసుపత్రి సర్జను కారు అది. కొత్త చక్రం ఓడలో రావాలి, అంతకాలం కారు షెడ్డులో ఉండడం కుదరదన్నాడాయన. కొత్తదే తెప్పించుకోమందాం అన్నయ్యా, అంత పెద్ద బండికి మనమెందుకు పూచీ పడడం, అని మరిది అప్పుడే అన్నాడు. సొట్ట తీయలేక చేతులెత్తేశామని పేరు రావాలా, అని మేస్త్రి విసుక్కున్నాడు. వంతెన దిగే మలుపులో ఆ చక్రం విరిగింది. సర్జను కారులో లేడు. నడుపుతున్న డ్రైవరు ఉన్నాడు. చక్రం ఇచ్చి వెళ్ళేటప్పుడు, "వదినా, కొంచెం ముద్దుగా చేయించండి, మా అయ్యగారి కంటే ఈ కారుకే కోపం ఎక్కువ" అని నవ్వించిన మనిషి. ఇప్పుడు అదే ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడున్నాడు.

సర్జను నిన్న ఇదే గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"చచ్చిన చక్రానికి ముస్తాబు చేసి పంపారు," అన్నాడు. "రేపు బీమా కంపెనీ మనిషి వస్తాడు. పగులు మీద రంగు వేసిన చెయ్యి ఎవరిదో ఆయనకు చెప్పండి. మిగతావాళ్ళ జోలికి నేను రాను."

ఆ చెయ్యి ఎవరిదో చెప్పడానికి సాక్షులక్కర్లేదు. ఇంట్లో రంగు వేసేది ఒక్కడే.

వదిన టీ పళ్ళెం బల్ల మీద పెట్టేసి, తనకేమీ పట్టనట్టు లోపలి గదిలోకి నడిచింది.

తోడికోడలు మంచం మీద పెట్టె తెరుచుకుని బట్టలు మడుస్తోంది. తీగ మీద నుంచి తీసినవి తీసినట్టే సర్దుతోంది. చొక్కాల మడతల్లోంచి నీళ్ళు కారి దుప్పటి మీద మరకలు కడుతున్నాయి.

"తడివి కదే. వాసనొస్తాయి," అంది వదిన.

"ఆరేదాకా ఉండనిస్తారో లేదో తెలియదు కదక్కా."

"ఎవరు పొమ్మన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదు. బావగారు అననే అనరు. ఆయన కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంటారు. మనమే అర్థం చేసుకుని తలుపు దగ్గరికి వేసి పోవాలి." మరో చొక్కా అందుకుంది. దులిపితే చుక్కలు వదిన మొహం మీద పడ్డాయి. "నేనడిగేది ఒకటే. ఈయన ఎప్పుడైనా అడక్కుండా పూత వేశారా? నువ్వు రోజూ కిందే కూర్చుంటావు కదా. నువ్వే చెప్పు. ఒక్కసారైనా?"

చెప్పాలంటే నాలుక తిరగాలి. నాలుక తిరిగితే అంతటితో ఆగదని ఆమెకు తెలుసు.

ఆమె రోజూ కింద కూర్చుంటుంది. అది నిజం. కొక్కేనికి ఎదురుగా ఒక పీట. ఒళ్ళో కాగితం చుట్టలు, చేతిలో కత్తెర. పూత అంటకూడని చోట అతికించడానికి పట్టీలు కత్తిరించడం ఆమె పని. కనీసం చూసేవాళ్ళకు అదే ఆమె పని.

భర్త చెవులు ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు వెళ్ళిపోయాయో ఆమెకూ సరిగ్గా తెలియదు. మొదట కుక్కరు కూత వినపడకుండా పోయింది. తర్వాత ఫోను. "చేతులు నల్లగా ఉన్నాయి, నువ్వు మాట్లాడు" అనేవాడు, కడిగిన చేతులతో. తర్వాత అతని చూపు జనం కళ్ళలోంచి దిగి పెదాల మీద నిలవడం నేర్చుకుంది. ఎదుటివాడు మొహం తిప్పితే తానూ పక్కకు జరిగి ఎదురయ్యేవాడు. ఎడమ చెవికి కొంత మిగిలి ఉందనుకుని ఆమె అతనికి ఎడమవైపు నడవడం అలవాటు చేసుకుంది. ఒకరు చెప్పింది ఇంకోసారి తన నోటితో అతని ఎదుట అనడం అలవాటు చేసుకుంది. ఇద్దరూ దీని గురించి ఏనాడూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే అది రోగమవుతుంది, మాట్లాడకపోతే కాపురమవుతుంది.

సుత్తి దెబ్బ సంగతి కూడా అలాగే కుదిరింది. ఒకనాడు దెబ్బ వేసి అతను చక్రాన్ని చూడడానికి బదులు ఆమెను చూశాడు. మోత ఇంకా గాలిలో ఉంది. ఆమె కళ్ళెత్తి చూస్తూనే ఉంది. "పలికింది" అన్నాడు. ఇంకోనాడు మూగ చక్రం పడింది. ఆమె కళ్ళు దించుకుని కాగితం కత్తిరించుకుంది. "మూగ" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచీ ఆ దుకాణానికి చెవి ఆమెదే. కళ్ళెత్తితే పలికినట్టు, దించితే మూగ.

సర్జను చక్రానికి దెబ్బ వేసిన మధ్యాహ్నం పీట మీద ఆమె లేదు.

మేడ మీద ఉంది. కిటికీ తెరిస్తే రంగు వాసనకు తల పగిలిపోతోందని తోడికోడలూ, మూస్తే ఉక్కపోసి చస్తున్నామని తనూ, రెక్క పట్టుకుని ఇద్దరూ గుంజుకున్నారు. మాటా మాటా పెరిగింది. నీ మొగుడు పూసే రంగే కదమ్మా అని తను అంది. అలిగి, సాయంత్రం దాకా కిందికి దిగలేదు.

కిటికీ రెక్క కోసం.

* * *

మెట్ల మీద మరిది పక్కన కూర్చుని ఆమె టీ కప్పు అతని చేతిలో పెట్టింది. అతను తాగలేదు, వెచ్చదనం కోసం అన్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ వెండిరంగు ఉంది. ఆ రంగు ఆ గోళ్ళను వదిలిన రోజు ఆమె చూడలేదు.

"ఎలా అడిగావో సరిగ్గా చెప్పు," అంది.

"ఎలా అంటే ఏముంది వదినా. రోజూ అడిగినట్టే."

"రోజూ నేనుంటాను. ఆ రోజు లేను. అందుకని చెప్పు."

అతను గుర్తు తెచ్చుకున్నాడు. పూతగదిలో ఇంకో చక్రానికి రంగు కొడుతున్నాడు. మధ్యలో తలుపు తీసి చూస్తే అన్నయ్య కొక్కెం దగ్గర సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పీటవైపు చూస్తున్నాడు. పీట ఖాళీగా ఉంది. పలికిందా అన్నయ్యా అని కేకేశాడు. అన్నయ్య ఇటు తిరిగాడు, ఒక్క క్షణం చూశాడు, తలూపాడు. నోటితో అనలేదు, తలే ఊపాడు. అది చాలనుకుని చక్రం దింపుకుపోయాడు.

"తలుపు తీసినప్పుడు నీ మొహానికి మాస్కుందా?"

"ఉండదా మరి. రంగు కొడుతుంటే తీస్తానా?" అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకో అర్థంకాక ఆమె వైపు తిరిగాడు. "ముక్కూ నోరూ మూసుకుపోతే మాత్రం, మాట వినపడదా ఏం? అన్నయ్య చెవి సంగతి నీకు తెలియనిదా. వీధి చివర తిరిగే బండిలో ఏ బేరింగు అరిగిందో చెప్పే చెవి అది."

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో ఇంకా గర్వం ఉంది. తనను ముంచుతున్న చెవి గురించి తానే గర్వపడుతున్నాడు.

"ఒకవేళ నేనే అడగలేదేమో వదినా," అన్నాడు. "అన్నయ్య అబద్ధం ఆడడు. అడిగాననుకుంటున్నానేమో. రోజూ అడిగేది కదా, ఆ రోజు కూడా అడిగినట్టే అనిపిస్తోందేమో. రాత్రంతా అదే ఆలోచిస్తున్నా. ఆ డ్రైవరు మొహం కళ్ళముందు పెట్టుకుని ఎంత తవ్వినా, నా గొంతు నాకు గుర్తు రావడంలేదు."

వదిన లేచి నిలబడింది. ఇంకాసేపు అక్కడ కూర్చుంటే ఆ తలను ఒళ్ళోకి తీసుకుని మొత్తం చెప్పేసేది. చెప్పకుండా మెట్లు దిగింది.

మేస్త్రి వెనకదారిన ముందే కిందికి వచ్చి దుకాణం వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. పని చేయని చేతులు, మురికి లేని చేతులు, అయినా సబ్బుపొడి వేసి పామి పామి కడుగుతున్నాడు. ఆమె వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది. పైన మరిది ఉన్నాడు, లోపల తోడికోడలు ఉంది. అందుకని గొంతు వాడలేదు. గాలి కూడా రానివ్వలేదు. పెదాలు మాత్రం కదిపింది.

మీకు వినపడలేదు కదూ.

మేస్త్రి చేతులు ఆగాయి. కుళాయి కారుతూనే ఉంది.

"గట్టిగా అనకు," అన్నాడు. "పైన వాళ్ళు వింటారు."

వదిన అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఎడమవైపు నడిచింది. ఇన్నాళ్ళూ కొంతైనా మిగిలిందనుకుంది. ఆమె మాటకీ, ఆమె మౌనానికీ అతనికి తేడా తెలియడంలేదు. ఏమీ మిగల్లేదు.

అతను మెల్లగా చెప్పాడు, కుళాయి వైపు చూస్తూ. దెబ్బ వేశాడు. పీట ఖాళీగా ఉంది. సుత్తి పిడిలోంచి అరచేతికి ఏదో వణుకు వచ్చినట్టే ఉంది. ఆమె దిగాక మరోసారి కొడదామనుకున్నాడు. తమ్ముడు తలుపు తీశాడు. ప్రైమరు కలపనా అంటున్నాడనుకున్నాడు. తలూపాడు. బయటికి వెళ్ళి వచ్చేసరికి చక్రం రంగులో మెరుస్తోంది. మెరిసే చక్రాన్ని చూసి, పలికే ఉంటుందిలే అని తనకు తానే చెప్పుకున్నాడు.

"నాకు వినపడని మాట వాడు అన్నట్టా, అననట్టా?" అన్నాడు. "అడగలేదని నేనన్నది అబద్ధమా? నాకు తెలిసినంతవరకు వాడు అడగలేదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. తడి చెయ్యి. ఈసారి గొంతుతోనే, మొహం ఎదుటపెట్టి అంది:

"చెప్పేద్దామండీ. వాడు నలిగిపోతున్నాడు."

"చెబితే?"

"చెబితే వాడు బయటపడతాడు."

"నేను?"

అతను చెయ్యి విడిపించుకున్నాడు.

"వాడికి చేతులున్నాయి. ఎక్కడికి పోయినా ఇంత రంగు పూసుకుని బతుకుతాడు. నేను చెవిటివాణ్ణని తెలిశాక నా దగ్గరికి ఒక్క చక్రం వస్తుందా? ఇన్నేళ్ళుగా పంపినవన్నీ తిరిగి వస్తాయి, గుమ్మంలో గుట్టపడతాయి. నువ్వు కళ్ళు దించి, కళ్ళెత్తి నిలబెట్టినవే అవన్నీ. ఎవరు నమ్ముతారు?" కుళాయి కట్టేశాడు. "వాణ్ణి నేను చూసుకుంటాను. తర్వాత. ఈ ఒక్క రోజు గడవనీ."

పగులు మీద రంగు పూయడమంటే ఏమిటో వదినకు అప్పుడు అర్థమైంది. ఆ పూత ఎన్నాళ్ళుగా ఎవరి చేత్తో పడుతోందో కూడా అర్థమైంది.

* * *

బీమా కంపెనీ మనిషి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు. విరిగిన ముక్కలను పైనుంచి తెప్పించి, మోకాళ్ళ మీద వంగి కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. పగులు పాతదనీ, పూత దాని మీద పడిందనీ ఎవరూ చెప్పకుండానే చెప్పాడు. ఎవరినీ నిందించలేదు. పని ఎలా జరుగుతుందో చూపించమని మాత్రం అడిగాడు.

వదిన మామూలుగా మేస్త్రికి మొహం కనపడేలా నిలబడి, అతిథికి మర్యాద చేస్తున్నట్టు ఒక్కో ప్రశ్ననూ మళ్ళీ అంది. మేస్త్రి ఒక్కోదానికీ తడుముకోకుండా జవాబిచ్చాడు. దెబ్బ సంగతి వచ్చేసరికి ఆ మనిషి ఆగాడు.

"అంటే మొత్తం మీ చెవి మీదే నడుస్తుందన్నమాట."

మేస్త్రి చూపు అతని పెదాల మీదే ఉంది. "అవునండీ."

"ఏమీ అనుకోకపోతే, ఒక్కసారి చూడొచ్చా? చక్రం మీకు కనపడకూడదు. మీరు అటు తిరిగి నిలబడండి. కొట్టేది నేను."

అప్పుడు మేస్త్రి తిరిగాడు. వెనక కొక్కెం, ఎదురుగా పీట. వదిన నడిచి వెళ్ళి పీట మీద కూర్చుంది. కాగితం చుట్ట ఒళ్ళోకి తీసుకుంది. రోజూ కూర్చునే చోటే కనుక ఎవరూ వింతగా చూడలేదు.

పూతగది తలుపు దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. మెట్ల మలుపులో తోడికోడలు నిలబడి ఉంది.

మొదటి దెబ్బ పడింది. నిండైన మోత దుకాణమంతా పరుచుకుని, రేకుల కప్పును తాకి, సన్నగా సాగి సాగి నిలిచింది. వదిన కళ్ళెత్తింది.

"పలికింది," అన్నాడు మేస్త్రి.

ఆ మనిషి చక్రం మార్చాడు. గుట్టలోంచి ఒకటి ఈడ్చి కొక్కేనికి తగిలించిన చప్పుడు. ఏది వేలాడుతోందో ఆమెకు తెలుసు. ఇక ఏమీ చెప్పనక్కర్లేదు, నోరు విప్పి భర్తను బజారుకీడ్చనక్కర్లేదు. కళ్ళు దించకుండా ఉంటే చాలు. ఎత్తిన కళ్ళు ఎత్తినట్టే ఉంచితే, అతను పలికింది అంటాడు. అందరికీ తెలిసిపోతుంది. మరిది బయటపడతాడు.

దించకూడదనుకుంది. రెప్ప కూడా వేయకూడదనుకుంది.

దెబ్బ పడింది. మట్టి మీద పడ్డట్టు, ఒక పొడి చప్పుడు. అంతే.

మేస్త్రి ఆమెను చూస్తున్నాడు. పెళ్ళైననాటి నుంచీ ఏ రోజూ అంత బతిమాలుతూ చూడలేదు. ఆ చూపు ఆమెకు మసకబారింది. కళ్ళు నిండిపోయాయి. నిండిన కళ్ళను ఎవరూ చూడకూడదని దించుకుందో, ఇన్నేళ్ళ అలవాటు దించేసిందో, ఆమెకే తెలియదు.

"మూగ," అన్నాడు మేస్త్రి.

బీమా మనిషి సుత్తి పక్కన పెట్టాడు. ఇలాంటి చెవి తాను చూడలేదని మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇక తనకు సందేహం లేదన్నాడు. ఈ చెవి ఆ పగులును వదిలి ఉండదు. అంటే చక్రం ఈయన మాట కోసం ఆగకుండానే పూతకు వెళ్ళింది. తన కంపెనీకీ, సర్జనుకూ అదే చెబుతానన్నాడు. మరిదివైపు తిరిగి, జాలిగా, డ్రైవరుకు ఇంకా తెలివి రాలేదనీ, రాకపోతే మాత్రం పోలీసులు వస్తారనీ, అప్పుడు తన చేతిలో ఏమీ ఉండదనీ చెప్పాడు.

మరిది కాదనలేదు. "అడగలేదేమోనండీ," అన్నాడు. "నేనే అడగలేదేమో."

ఆ మనిషి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అతని కారు వీధి మలుపు తిరిగేదాకా దుకాణంలో ఎవరూ ఎవరినీ చూసుకోలేదు.

మేస్త్రి సుత్తి తీసుకుని, దాని చోట దాన్ని తగిలించాడు. వదిన పీట మీద నుంచి లేవలేదు. ఒళ్ళో కాగితమంతా ముక్కలు ముక్కలుగా ఉంది. ఎప్పుడు కత్తిరించిందో తెలియదు.

పూతగదిలో ఆఖరి పూత మిగిలిన చక్రం ఒకటి నిన్నటి నుంచీ వేచి ఉంది. మరిది లోపలికి వెళ్ళాడు. అతని భుజాలు కదలడం తలుపు సందులోంచి ఆమెకు కనపడింది. ఏడుస్తున్నాడు. ఏడుపు మొహంతో అన్న ఎదుటపడలేక, మేకుకు వేలాడుతున్న మాస్కు తీసి కట్టుకున్నాడు. ముక్కూ నోరూ మూసుకున్నాయి. కళ్ళొక్కటే మిగిలాయి.

తలుపు తెరుచుకుని గడప మీద నిలబడ్డాడు.

"అన్నయ్యా," అన్నాడు. మాస్కులోంచి వచ్చినా మాట స్పష్టంగానే ఉంది. మెట్ల మలుపు దాకా వినపడింది. "నేను వెళ్ళిపోనా?"

మేస్త్రి తిరిగాడు. తమ్ముడి చేతిలో రంగు గన్ను చూశాడు. వెనక, ఆఖరి పూత కోసం ఎదురుచూస్తున్న చక్రాన్ని చూశాడు. మొహం మెత్తబడింది. ఇన్ని గంటల తర్వాత మొదటిసారి, ప్రేమగా తలూపాడు.

"ఊఁ, కానియ్," అన్నాడు. "ఇంకా ఆలస్యం దేనికి?"

మరిది చేతిలోని గన్ను మెల్లగా కిందికి దిగింది. దాన్ని బల్ల మీద, రోజూ పెట్టే చోటే, చప్పుడు కాకుండా పెట్టాడు. మెట్ల మలుపులో తోడికోడలు గిరుక్కున తిరిగి మేడెక్కింది. తడి బట్టల పెట్టె నేల మీద ఈడుస్తున్న శబ్దం పైనుంచి మొదలైంది.

ఆ శబ్దం వినని మనిషి ఒక్కడే ఆ ఇంట్లో ఉన్నాడు. తమ్ముడి కళ్ళలో నీళ్ళు చూసి అతనికి ఏదో అనుమానం తగిలింది. నవ్వు సగంలో ఆగింది. ఇన్నేళ్ళుగా తిరిగినట్టే, ఈసారి కూడా పీటవైపు తిరిగాడు.

వాడేమన్నాడు, అని అడుగుతున్నాయి ఆ కళ్ళు.

వదిన పెదాలు విడివడ్డాయి.